పేరు పెట్టి పిలిచిన గొంతు

పోయిన వారం నిరోషాను వికారాబాద్‌లో ఆమె ఆఫీసు మెట్ల మీద నిలబెట్టి వచ్చాం. కింద ఎరువుల దుకాణం, పైన ‘గిట్ల’ అని పసుపు అక్షరాల బోర్డు. ఒకప్పుడు పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ ఫ్లెక్సీలు చేసిన ఆ గదిలోనే ఇప్పుడు నిరోషా, సాకిబ్ కలిసి ఫోన్లకు మాటలు నేర్పుతున్నారు. తాండూరులోని ‘నల్లరేగడి రైతుల కంపెనీ’ కోసం వాళ్లు ఒక గొంతు తయారు చేశారు. మబ్బు పడితే మందు కొట్టొద్దని, పూత మీద పురుగు కనబడితే ఏం చేయాలని, కంది రైతుకు ఫోన్ చేసి చెప్పే గొంతు. అది బంట్వారం ఎంకమ్మది. కిటికీలకు బొంతలు కట్టి, ఫ్యాన్ ఆపి, చెమటలు కారుతుంటే ఆమెను కూర్చోబెట్టి మాట్లాడించారు. ఆ మాటలు విని విని కంప్యూటర్ అచ్చం ఆమెలాగే ఏ మాటైనా పలకడం నేర్చింది. ఆ రోజు నిరోషా ఆమె చేయి పట్టుకుని మాటిచ్చింది: “నువ్వు వినకుండ, నువ్వు సరే అనకుండ నీ గొంతుల ఒక్క మాట బయటికి పోదు అత్తా.”

కొన్ని ఊళ్లలో ముందుగా పరీక్షకు వదిలారు. ఇవాళ మధ్యాహ్నం తాండూరులో రైతులందరి ముందు దాన్ని మొదలుపెట్టాలి. పొద్దున నిరోషా ఆఫీసు తాళం తీయబోతుంటే వెనక నుంచి ఎంకమ్మ పిలిచింది. ఆమె పక్కన తలగుడ్డ చేతిలో నలుపుకుంటూ ఆమె భర్త.

“నా గొంతు నాకు వాపస్ ఇయ్యి బిడ్డా” అంది ఎంకమ్మ.

అక్కడ ఆగాం కదా.

నిరోషాకు తాళం ఎటు తిప్పాలో ఒక్క క్షణం తెలియలేదు. ఎడమకు తిప్పింది, కుడికి తిప్పింది. తలుపు ఎలాగో తెరుచుకుంది.

“లోపలికి రా అత్తా. మామా, నువ్వూ రా. చాయ్ తాగుకుంట మాట్లాడుదం.”

“చాయ్ మాట ఎత్తకు. నిన్న సంది హోటల్ దిక్కు మొఖం పెట్టలేకపోతున్న.”

ఎంకమ్మ కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. మహిళా సంఘం మీటింగుల్లో మైకు లేకుండా చివరి వరుస దాకా వినిపించే మనిషి, ఇవాళ గొంతు బయటికి తీయడానికే భయపడుతున్నట్టు మెల్లగా మాట్లాడుతోంది. అప్పుడే హెల్మెట్ చంకలో పెట్టుకుని సాకిబ్ వచ్చాడు. ఆ గొంతుకు కంప్యూటర్‌లో ప్రాణం పోసింది అతనే. ఎంకమ్మను చూడగానే మొహం విప్పారింది.

“అమ్మా సలాం! మస్తు హిట్ అయినవు నువ్వు. బొంరాస్‌పేట దిక్కు నుంచి గూడ అడుగుతున్నరు, మాకు గా అక్క ఫోన్ ఎప్పుడొస్తదని.”

“అడుగుతరు. ఎందుకడగరు? మొగుణ్ని పేరు పెట్టి పిలిచే ఆడిది ఎట్లుంటదో చూద్దమని అడుగుతరు.”

సాకిబ్‌కు అర్థం కాలేదు. నిరోషా వైపు చూశాడు. నిరోషాకూ సగమే అర్థమైంది.

“అసలేమైంది అత్తా?”

“నిన్న పొద్దుగాల గీయన హోటల్ కాడ కూసున్నడు. ఫోన్ మోగింది. ఈయనకు చెవికి పెట్టుకోని వినుడు రాదు, ఊరంత వినబడేటట్టు ఒత్తుతడు. అండ్ల నేను మాట్లాడుతున్న. మొదలే ఏమంటున్న? గదే… పేరు.”

“ఏం పేరు?” అన్నాడు సాకిబ్.

“గీయన పేరు!”

“చెప్పమ్మా, సిస్టంల చూస్త.”

“నేను చెప్పేటట్టయితే నీ దాకా ఎందుకొస్త పిలగా?”

అప్పుడు వెలిగింది నిరోషాకు.

ఎంకమ్మకు పెళ్లయి ముప్పై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో ఆమె భర్త పేరు నోటితో పలకలేదు. మా ఇంటాయన అంటుంది, కూతురి పేరు కలిపి మల్లిక నాయన అంటుంది, ఎదురుగా ఉంటే “ఓ… ఇంటున్నవా” అంటుంది. రేషన్ దుకాణంలో పేరు అడిగితే పక్కావిడ భుజం గోకి ఆమెతో చెప్పిస్తుంది. పైగా ఆయన పేరు శ్రీశైలం. అందుకని ఆ ఊరి పేరు కూడా ఎంకమ్మ నోట రాదు. యాత్రకు బస్సు మాట్లాడుకున్నప్పుడు అందరూ శ్రీశైలం బస్సు అంటే, ఆమె ఒక్కతే “మల్లన్న కాడికి పోయే బస్సు” అంటుంది. ఊళ్లో ఆడవాళ్లు దాన్ని పట్టుకుని ఏడిపించేవాళ్లు. ఆమె నవ్వేది గానీ పలికేది కాదు.

సాకిబ్ ఇదంతా ఆలోచించే స్థితిలో లేడు. కంప్యూటర్ తెరిచి నిన్నటి కాల్ వెతికి, ఒక మీట నొక్కాడు.

“శ్రీశైలం, మంచిగున్నవా? ఇయ్యాల మబ్బున్నది. కందికి మందు కొట్టకు. ఎండ చూసి రేపు కొట్టు.”

గది నిండా ఎంకమ్మ గొంతు. ఎంకమ్మ గబుక్కున కొంగుతో నోరు మూసుకుంది, ఆ మాట అక్కడి నుంచే వచ్చినట్టు.

“బంద్ చెయ్ సాకిబ్” అంది నిరోషా.

“హోటల్ల ఏమన్నరో ఎరుకేనా?” ఎంకమ్మ కొంగు తీయకుండానే అంది. “‘ఏమయ్యా, ఇంట్ల గిట్లనే పిలుస్తదా, కాళ్లు గూడ ఒత్తిస్తదా’ అని. ఒకడు నా లెక్క గొంతు చేసి గీయన్నే పిలిచి నవ్విండు. నేను అనని మాట బిడ్డా అది. నా నోట్ల రాని మాట.”

తప్పు ఎక్కడ జరిగిందో నిరోషాకు స్పష్టంగా తెలుసు. సందేశాలన్నీ ఎంకమ్మకు ముందే వినిపించారు. అన్నిటికీ తల ఊపింది. కానీ అప్పుడు పేరు ఉండాల్సిన చోట ‘రైతన్నా’ అని ఉంది. తర్వాత సాకిబ్ ఒక కొత్త సంగతి తెచ్చాడు. ఇప్పుడు పట్నంలో పెద్ద ఏజెన్సీలన్నీ చేస్తున్నదిదే, అందరితో ఒకటే మాట మాట్లాడితే ఎవరూ వినరు, ఎవరి పేరుతో వాళ్లను పిలవాలి. ఆ ఖాళీలో రైతు పేరు దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ముందు ‘గారు’ కూడా పెట్టారు. వింటే బ్యాంకువాళ్లు పిలిచినట్టుంది. “మన ఎంకమ్మత్త ఎవలనన్న గారు అన్నదా ఎప్పుడన్న?” అని నవ్వి ఆ ‘గారు’ తీయించింది నిరోషానే. మబ్బు, మందు, పురుగు, ప్రతి మాటనూ పట్టి పట్టి చూశారు. పేరు కూడా ఒక మాటేనని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

“గింతేనా?” సాకిబ్ తేలిగ్గా ఊపిరి వదిలాడు. “కాకా పేరు తీసేస్త. ఐదు నిమిషాల పని. జర సేపు కూసో అమ్మా.”

“పేరు తీస్తవు. రేపు ఇంకోటి అంటది. ఎల్లుండి ఇంకోటి. నేను ఇంట్ల బువ్వ వండుకుంట కూసుంట, అది ఊరూరు తిరిగి ఎవలతోని ఏమంటదో నాకెట్ల తెల్వాలె? నాకు ఇనబడకుండ నేను మాట్లాడుతుంటినంటే, గది దయ్యం పట్టినట్టు గాదా?”

సాకిబ్ తల గీరుకున్నాడు. కాల్స్ జాబితా కిందికి జరుపుతూ ఏదో చూసి ఆగిపోయాడు.

“కాకా, నీకు కంది ఎంతున్నది?”

శ్రీశైలం ఉలిక్కిపడ్డాడు. “ఎకరం. ఎందుకు?”

“ఏం లేదు. మనం నీకు రోజుకు ఒక్కసారే ఫోన్ చేస్తం. నువ్వేమో పొద్దుమాపు మల్ల మల్ల తిరిగి చేస్తున్నవు. మొత్తం ఊరు చేసినన్ని కాల్స్ నీ ఒక్కని ఫోన్ నుంచే ఉన్నయి. పురుగు గట్టిగ పట్టిందా?”

శ్రీశైలం తలగుడ్డ మడత విప్పి మళ్లీ మడత పెట్టాడు. ఎంకమ్మ అతన్నే చూస్తోంది.

“చేన్ల పురుగేం లేదు” అన్నాడు చివరికి.

“మరెందుకు చేస్తున్నవు?” అడిగింది ఎంకమ్మే.

శ్రీశైలం కిటికీ వైపు చూశాడు. “ఎట్లుంటదో అని.”

“ఏంది?”

“నా పేరు. నీ నోట్ల.”

కింద దుకాణంలో ఎవరో బస్తా దించిన చప్పుడైంది. నిరోషాకు అక్కడి నుంచి లేచి బయటికి వెళ్లిపోవాలనిపించింది. భార్యాభర్తల మధ్య తెర తొలగినప్పుడు పక్కన ఉండకూడదు. కానీ ఆ తెర తొలగించింది తన ఆఫీసే కాబట్టి కూర్చుండిపోయింది.

ఎంకమ్మ కొంగు నోటి మీంచి తీసింది. ఆమె కోపం తగ్గుతుందేమోనని సాకిబ్ ఆశపడ్డాడు. అది తగ్గే కోపం కాదు. అసలు కోపం ఇప్పుడు మొదలైంది.

“చేనుకాడికి పోతున్న అని పోయి, గట్టు మీద కూసోని దానితోని మాట్లాడుతున్నవా?”

“మాట్లాడుత లేనే. ఇంటున్న, అంతే.”

“అది నేను గాదు!” ఎంకమ్మ అసలు గొంతు అప్పుడు బయటికొచ్చింది. కిటికీ అద్దం అదిరింది. “నేను ఇంట్ల ఉన్న. బువ్వ పెడుతున్న, నీళ్లు తోడుతున్న. నాతోని నాలుగు మాటలు మాట్లాడవు. అదెవతో నా గొంతు ఏసుకోని పిలిస్తె ఉరుకుతున్నవు!”

“అదెవతో కాదమ్మా, నువ్వే…” అనబోయాడు సాకిబ్. నిరోషా చూసిన చూపుకు మిగతాది మింగేశాడు.

అప్పుడే నిరోషా ఫోన్ మోగింది. తాండూరు నుంచి రాజేందర్. రైతుల కంపెనీ పెద్ద.

“నిరోషమ్మా, టెంట్ ఏసినం, కుర్చీలు ఏసినం, రైతులు ఒక్కొక్కలే వస్తున్నరు. ఎంకమ్మను గూడ తోలుకరా. స్టేజి మీద ఆమె ఒక దిక్కు, ఫోన్ల గొంతు ఒక దిక్కు. ఏది అసలు, ఏది నకిలీ, జనాన్నే అడుగుదం. మస్తు మజా ఉంటది.”

“వస్తున్న సార్. మీతోని ఒక మాట మాట్లాడాలె.”

“మంచి మాటేనా?”

ఆమె ఫోన్ పెట్టేసింది. గొంతు తీసేస్తే ఈ పని పోతుంది. ఈ పని పోతే ‘గిట్ల’ బోర్డు కిందికి దిగినట్టే. ఫ్లెక్సీలు పోయాక వాట్సాప్ కార్డులు చేశారు. కార్డులు ఎవరి ఫోన్లో వాళ్లే చేసుకోవడం మొదలుపెట్టాక రీల్స్ తీశారు. ఇప్పుడు రీల్స్ కూడా కంప్యూటరే తీసి పెడుతోంది. ప్రతిసారీ కొత్త అల మీదికి ఎక్కేలోపు పాత అల కాళ్ల కింద నుంచి జారిపోతోంది. కానీ ఆ రోజు ఎంకమ్మ చేయి పట్టుకుని చెప్పిన మాట ఉంది. ఆ చేయి ఇప్పుడు ఆమె ఎదుట, కొంగు కొసను మెలితిప్పుతూ ఉంది.

“నడువు అత్తా, తాండూరు పోదం. నీ ముంగటనే బంద్ చేస్త.”

సాకిబ్ నడుపుతున్న అద్దె కారు ధారూరు దాటింది. వెనక సీట్లో భార్యాభర్తలు చెరో కిటికీ పట్టుకున్నారు. మధ్యలో నిరోషా లాప్‌టాప్ సంచి. రోడ్డుకు రెండు వైపులా కంది పూత పచ్చగా విరిసి ఉంది. మబ్బు లేదు. మందు కొట్టుకోవడానికి మంచి రోజు. ఆ మాట చెప్పే ఫోన్ ఇవాళ పొద్దున ఎంతమందికి పోయిందో, ఎంతమందిని పేరుతో పిలిచిందో అని నిరోషా మనసు లెక్కలు వేస్తూనే ఉంది. తాండూరు దగ్గర పడేసరికి బండల పాలిష్ యూనిట్ల తెల్లటి దుమ్ము అద్దం మీద పేరుకుంది.

కంపెనీ ఆవరణలో నీలం టెంటు. వరండాలో బండ మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు మత్తయ్య. బంట్వారం మనిషే, ఎంకమ్మ ఇంటి వెనక ఇల్లు.

“ఏమక్కా, పొద్దుగాల ఫోన్ల పలకరిస్తివి గద, మల్ల నువ్వెందుకొచ్చినవు పానం కష్టపెట్టుకోని? ఫోన్నే పంపకపోయినవా?”

అక్కడున్నవాళ్లు నవ్వారు. ఎంకమ్మ నవ్వలేదు.

రాజేందర్ గదిలో ఏసీ చల్లగా ఉంది. ఈయనతో నిరోషాకు మొదటి నుంచీ పేచీలే. రైతుల కోసం చేసిన యాప్ మొదటి పేజీ తెల్లగా, విశాలంగా, కళ్లకు హాయిగా గీసి తెస్తే, “గింత జాగ ఖాళీగ ఎందుకు ఇడిచినవ్? గీడ ఎద్దు బొమ్మ పెట్టు, గాడ కంది కొమ్మ పెట్టు, నడుమ నా ఫోటో పెట్టు” అన్న మనిషి. అయినా మొండివాడే గానీ చెడ్డవాడు కాదని ఆమె అనుకుంటూ వచ్చింది.

జరిగిందంతా విని ఆయన పకపకా నవ్వాడు.

“మొగుని పేరు పలికిందని పని బంద్ చేస్తరా? మా ఇంట్ల ఆమె నన్ను పేరు పెట్టి తిడుతది, నేనెవలతోని చెప్పుకోవాలె?”

“నవ్వులాట కాదు సార్. ఆమెకు మాటిచ్చిన. ఆమె వద్దంటే తీస్తనని.”

“నిరోషమ్మా, జర ఆలోచించు. రైతులు నీ యాప్‌ను నమ్మలె. నా కంపెనీని గూడ నమ్మలె. ఎంకమ్మను నమ్మిన్రు. ఆమె చెప్తే మందు కొడుతున్నరు, ఆమె వద్దంటే ఆపుతున్నరు. గా గొంతు తీస్తే ఇంకేమున్నది అండ్ల?”

“అందుకే తీస్తున్న. అంత నమ్మిన గొంతు, ఆమె చేతిల లేకపోతే ఎట్ల?”

రాజేందర్ మొహంలో నవ్వు పోయింది. ఎంకమ్మ వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు ఎంకమ్మా. నలుగురికి మంచి జరుగుతుంటే నీకేం నొప్పి?”

“నొప్పి గాదు సారూ. భయం” అంది ఎంకమ్మ. “నా నీడ నన్నిడిసి పోయి ఊళ్లె తిరుగుతున్నట్టున్నది.”

“సరే, మీ ఇష్టం.” ఆయన కుర్చీ వెనక్కి నెట్టాడు. “మీరు కాకపోతే ఇంకొకలు. మొన్ననే హైదరాబాద్ కంపెనీ అని ఒకాయన వచ్చిండు. ‘ఆమె మాట్లాడింది జరంత పంపున్రి సార్, మీవాళ్ల కంటే బెస్ట్ గొంతు చేసి చూపిస్త’ అన్నడు. పంపిన.”

నిరోషా ఆయన టేబుల్ దగ్గరికి జరిగింది. “ఏం పంపినరు?”

“మీరు నాకిచ్చిందే. ఆమె కూసోని మాట్లాడిన రికార్డింగ్, మొత్తం. రైతుల నంబర్లు గూడ.”

“ఎవలాయన? కంపెనీ పేరేంది?”

“కార్డు ఇయ్యలె. ఫోన్ నంబరున్నది. నిన్నటి సంది కలుస్తలేదు. ఎందుకట్ల చూస్తున్నవ్? మంచిగ మాట్లాడిండు, చదువుకున్నోడే.”

సాకిబ్ “యా అల్లా” అని గోడకు ఆనుకున్నాడు. శ్రీశైలానికి ఏమీ అర్థం కాలేదు, కానీ వాళ్ల మొహాలు చూసి మొదటిసారి భార్య పక్కకు జరిగి నిలబడ్డాడు.

నిరోషా సంచిలోంచి లాప్‌టాప్ తీసింది. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు పోయింది. మూడోసారి తెరుచుకుంది. తెర మీద ఎంకమ్మ ఫోటో, దాని కింద ఆకుపచ్చ గుండ్రటి బొత్తం.

“నిరోషమ్మా, ఇది నొక్కితే ఇగ ఈ కంపెనీల నీకు కుర్చీ ఉండదు” అన్నాడు రాజేందర్.

“అత్తా, ఇటు చూడు” అంది నిరోషా. ఎంకమ్మ వంగి చూసింది. నిరోషా నొక్కింది. ఆకుపచ్చ బొత్తం బూడిద రంగులోకి మారింది.

సాకిబ్ తన ఫోన్ నుంచి, రైతులు తిరిగి చేసే తమ నంబరుకు చేసి అందరికీ వినబడేలా పట్టుకున్నాడు. రింగ్ లేదు, మాట లేదు. ఉత్త నిశ్శబ్దం.

“అయిపోయిందా?” అంది ఎంకమ్మ.

“అయిపోయింది అత్తా. మా దగ్గర బంద్ అయింది.”

మా దగ్గర.

వరండాలోంచి మత్తయ్య గొంతు వినిపించింది.

“ఆ… చెప్పక్కా. వచ్చింది, వచ్చింది బ్యాంకు మెసేజ్. ఆగు, కండ్లద్దాలు పెట్టుకోని చెప్త.”

తలుపు సందులోంచి ఫోన్ గొంతు వచ్చింది. చనువుగా, కాస్త విసుగ్గా, అచ్చం బంట్వారం యాసలో.

“జల్దీ చెప్పు తమ్మీ. గా ఆరు అంకెలు చెప్తేనే నీ పేరు లిస్టుల ఎక్కుతది. ఎనకాల మస్తు మంది ఉన్నరు.”

నిరోషా తెర వైపు చూసింది. బొత్తం బూడిద రంగులోనే ఉంది. “మనది గాదక్కా” అన్నాడు సాకిబ్, పెదవులు తడుపుకుంటూ. “మన లైన్ మొత్తం బంద్ ఉన్నది.”

అందరికంటే ముందు ఎంకమ్మ ఉరికింది. “మత్తయ్యా! చెప్పకు! నేను గాదు అది, నేనీడ ఉన్న!”

అప్పటికే మూడు అంకెలు చెప్పేసిన మత్తయ్య నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఎదురుగా ఎంకమ్మను చూశాడు. చేతిలోని ఫోన్‌ను చూశాడు.

“మరి నువ్వెవలు?” అన్నాడు ఫోన్లోకి.

“నేను ఎంకమ్మను తమ్మీ, ఇంకెవలు?” ఆ గొంతు తొట్రుపడలేదు. “ఎవలో నా లెక్క మాట్లాడి నిన్ను ఆగం చేస్తున్నరు. ఆమె మాట ఇనకు. మిగిలినయి చెప్పు.”

మత్తయ్య కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి. ముప్పై ఏళ్లుగా ఎరిగిన మనిషి మొహంలోకి అనుమానంగా చూశాడు, ఇది అసలు మొహమేనా అన్నట్టు.

టెంటు కింద ఒక ఫోన్ మోగింది. దాని పక్కన ఇంకొకటి. వెనక వరుసలో రెండు ఒకేసారి. కుర్చీలు కిర్రుమన్నాయి, జేబుల్లో చేతులు పడ్డాయి.

“ఆ ఎంకమ్మా, చెప్పు” అన్నాడెవరో.

“చెప్పు వదినా” అన్నారు ఇంకెవరో, అటువైపు నుంచి.

ఎంకమ్మ టెంటు మధ్యలోకి వెళ్లి, మైకు అక్కర్లేని తన గొంతంతా పెట్టి ఫోన్లు పెట్టేయమని అరిచింది. ఒక్కరూ తలెత్తి చూడలేదు. చెవిలో ఆమెనే వింటున్నారు.